హాలును హాలుగానే ఉండనిద్దాం

మా అమ్మాయీ అల్లుడూ బెంగళూరు సర్జాపుర రోడ్డులో కొనుక్కున్న ఫ్లాటుకు లోపలి పనులు చేయబోయే కుర్రాడు గీసి పంపిన ప్లాను రెండు వారాలుగా నా బల్ల మీద ఉంది. ఆ ఫ్లాటు అమ్మకానికి పెట్టినప్పుడు రోడ్డు పక్క బోర్డు మీద 'త్రీ బీహెచ్‌కే' అని రాశారు. బెడ్‌రూమ్, హాలు, కిచెన్ అన్న మాటల మొదటి అక్షరాలే బీహెచ్‌కే అని అందరికీ తెలుసు. ప్లానులో మాత్రం బెడ్‌రూములు ఉన్నాయి, కిచెన్ ఉంది, హాలు లేదు. తలుపు తీయగానే ఉన్న నాలుగడుగుల జాగా 'ఫోయర్' అయింది. దాని తరువాత సన్నటి చెక్క పట్టీలతో ఒక అడ్డుతెర, దానికి ఇవతల 'ఫార్మల్ లివింగ్', అవతల 'ఫ్యామిలీ లాంజ్'. వచ్చేవాళ్లకు ఒకటి, ఇంట్లోవాళ్లకు ఒకటి. ఇల్లు కట్టినవాళ్లు ఇరవై అడుగుల పొడవున ఒకే గదిగా వదిలిన చోటు కాగితం మీద రెండు ముక్కలైంది.

నేను పెన్సిలుతో ఆ రెండు పేర్లూ కొట్టేసి 'హాలు' అని రాశాను. "అమ్మా, నీకు పాత మాటలంటే ఇష్టం, అంతేగా. ఏ పేరు పెడితే ఏముంది?" అంది అమ్మాయి. అప్పటికప్పుడు సరైన జవాబు తోచలేదు. అందుకే ఇప్పుడు నెమ్మదిగా రాస్తున్నాను.

మొదటి సంగతి, హాలు మన పాత మాట కాదు. అది ఇంగ్లీషు వాళ్లతో వచ్చింది, అయితే వాళ్ల దగ్గర ఉన్న అర్థంతో మన దగ్గర నిలవలేదు. మధ్యయుగాల ఇంగ్లండులో హాలంటే ఇంటికంతటికీ ఉన్న ఒకే పెద్ద కప్పు కింది జాగా. యజమాని, పనివాళ్లు, వచ్చేపోయేవాళ్లు అందరూ అక్కడే తిని, చాలామంది అక్కడే పడుకునేవారు. తరువాత ఉన్నవాళ్లు విడి గదుల్లోకి జరిగిపోయిన కొద్దీ హాలు చిక్కిపోయి, చివరకు అక్కడి మామూలు ఇళ్లలో తలుపు దగ్గర కోట్లు తగిలించుకునే నడవగా మిగిలింది. ఇక్కడ కట్టిన బంగళాల్లో మాత్రం నడుమనున్న పెద్ద గదిని వాళ్లు హాలనే పిలిచారు. మనం ఆ పేరును తీసుకుని రెండు గదుల అద్దె ఇంటికి కూడా పెట్టుకున్నాం. అలా ఆ మాట పాత అర్థం దాని పుట్టింట్లో అణగారిపోతే మన ఇళ్లలో బతికి ఉంది. 'హాల్లో పడుకో', 'హాల్లో కూర్చోబెట్టు', 'హాలు తుడిచావా' అని రోజుకు ఇరవైసార్లు అనే మాట మనది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దాని స్థానంలో అతిథిమందిరమనో ఉపవేశనశాల అనో తెచ్చిపెట్టడం నా ఉద్దేశం కాదు.

రెండో సంగతి, పేర్లలో రెండు రకాలున్నాయి. కొన్ని గదికి పని చెబుతాయి. డ్రాయింగ్ రూమ్‌కు బొమ్మలు గీయడంతో సంబంధం లేదు. భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి పక్కకు వెళ్లిపోయే గది కాబట్టి వాళ్ల భాషలో 'విత్‌డ్రాయింగ్ రూమ్' అయింది, ముందు భాగం ఊడిపోయి డ్రాయింగ్ మిగిలింది. పార్లర్ ఫ్రెంచి వాళ్ల 'మాట్లాడటం' నుంచి వచ్చింది. మఠాల్లో సన్యాసులు బయటివాళ్లతో మాట్లాడటానికి అనుమతి ఉన్న గది అది. సిట్టింగ్ రూమ్‌లో కూర్చోవాలి, లివింగ్ రూమ్‌లో రోజులు గడపాలి. ఉర్దూ, హిందీ వాళ్ల బైఠక్ కూడా ఈ వరసలోదే. ఇంకో రకం పేర్లు పని చెప్పవు. ఇంత మేర కప్పు ఉంది, ఇంట్లో ఫలానా చోట ఉంది అని మాత్రమే చెప్పి ఊరుకుంటాయి. మన మొగసాల అటువంటిది, ఇంటికి ముఖాన ఉన్న సాల. నడిమిల్లు అటువంటిది. పడసాల, సావిడి, పంచ, వసారా వీటిలో ఏదీ అక్కడ ఏం చేయాలో మనకు చెప్పదు. హాలు ఈ రెండో వరసలో కుదురుగా ఇమిడిపోయింది కాబట్టే, నా దృష్టిలో, మనకు అంత తేలిగ్గా అలవడింది.

ఈ మాటలు ఊళ్లు తిరిగిన తీరు చూస్తే ఎవరిది ఏ మాట అన్న పంతం తగ్గిపోతుంది. మన చావడిని ఇంగ్లీషు వాళ్లు 'చౌల్ట్రీ' చేసుకున్నారు. 17వ శతాబ్దపు మద్రాసులో వాళ్ల న్యాయస్థానానికి చౌల్ట్రీ కోర్టనే పేరు. ఈనాడు బెంగళూరులో పెళ్లి చేయాలంటే మనం చౌల్ట్రీ బుక్ చేస్తాం. చావడిని ఇచ్చి హాలును తీసుకున్నాం, ఇచ్చింది కూడా తిరిగి వచ్చింది. సోఫా అన్న మాట మూలంలో అరబ్బుల 'సుఫ్ఫా', అంటే కూర్చోవడానికి ఎత్తుగా కట్టిన తిన్నె, మన అరుగు లాంటిది. దివాన్ ఒకప్పుడు రాజ్యపు లెక్కల పుస్తకం, ఆ లెక్కలు చూసే కొలువు. తరువాత ఆ కొలువులో వేసే మెత్తటి ఆసనం. ఈనాడు బెంగళూరు ఇళ్లలో గోడవార వేసుకునే మంచం. కన్నడంలో ఇంటి హాలును హజార అంటారు. మన పాత తెలుగులో హజారమంటే కొలువుకూటం, హంపీలోని హజారరాముడి గుడికి ఆ పేరు దీనివల్లే వచ్చిందనేవారు ఉన్నారు. బెంగళూరు బనశంకరిలో మా ఎదురింటి కన్నడావిడ వాళ్ల ఊరి ఇంటి గురించి చెప్పేటప్పుడు జగలి, పడసాలె, నడుమనె అంటుంటే, హిందూపురం దగ్గరి మా అవ్వ ఇల్లు నా కళ్లముందు కదిలేది. మేమూ జగిలి, పడసాల, నడిమిల్లు అనే అనేవాళ్లం.

ఆ ఇంటి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదం అక్కడే మొదలైంది, అక్కడే చిక్కు కూడా పడింది. వీధి పక్క జగిలి అనే అరుగు, దాన్ని ఎక్కితే పంచ, గడప దాటితే పడసాల, దాని వెనక నడిమిల్లు. నడిమింటి మిద్దెకు గవాచి అనే వెలుగు కంత ఒకటి ఉండేది, దానిలోంచి పడిన ఎండ మధ్యాహ్నానికి ధాన్యపు గాదె దగ్గరకు జరిగేది. పడసాల పొడుగాటి గది. దానిలో శాశ్వతంగా ఉన్న వస్తువు ఒకే ఒక్క చెక్కబల్ల. చాపలు చుట్టి మూలన నిలబెట్టేవారు. నవంబరులో శెనక్కాయల పంట ఇంటికొచ్చినప్పుడు పడసాలలో సగం మేర మోకాలి ఎత్తున కాయలు పోసేవారు, మిగిలిన సగంలో మేం పడుకునేవాళ్లం, రాత్రంతా మట్టి వాసన. ఎండాకాలంలో విత్తనానికి ఆ కాయలు వలిచేవారు. కాయను ముందు నేలకు కొట్టి, బొటనవేలితో విప్పి, గింజకు పొర చెదరకుండా తీయాలి, పొర చెదిరితే విత్తనానికి పనికిరాదు. మా అవ్వ వేలు ఆ నెలల్లో చివర పగిలి ఉండేది, ఆముదం రాసుకునేది. జూన్‌లో వాన పడి విత్తనం పొలానికి వెళ్లిపోగానే పొట్టు ఊడ్చి, పేడతో అలికి, అదే పడసాలలో మా పిన్నికి పెళ్లిచూపులు జరిగాయి. తాత పోయినప్పుడు ఆయనను పడుకోబెట్టింది కూడా ఆ నేల మీదే, బల్ల ఒక్కటి బయటికి జరిపితే సరిపోయింది.

అయితే ఆ శెనక్కాయలు వలవడానికి కూలికి వచ్చిన ఆడవాళ్లలో ఊరి చివరి వాడ నుంచి వచ్చినవాళ్లు పంచ దాటి లోపలికి రాలేదు. కాయలు బుట్టలతో పంచలోకి తెచ్చిపోసేవాళ్లం. వాళ్లు దాహమంటే దోసిలి పట్టేవారు, అవ్వ చెంబుతో ఎత్తు నుంచి పోసేది. మగ చుట్టాలు పడసాలలో కూర్చున్నప్పుడు మా అమ్మ నడిమింటి తలుపు వెనక నిలబడి మాట్లాడేది, కూర్చోవడం నేను చూడలేదు. జగిలి, పంచ, పడసాల, నడిమిల్లు అన్న ఆ నాలుగు అందమైన మాటలూ ఎవరు ఎంతవరకు రావచ్చో చెప్పే నాలుగు గీతలు కూడా. అప్పుడు చిన్నదాన్ని, అది తప్పని నాకు తెలియలేదు. తెలిసిన తరువాత ఆ ఇంటిని తలుచుకున్నప్పుడల్లా ఆ ఎత్తు నుంచి పడే నీళ్ల చప్పుడు కూడా గుర్తుకొస్తుంది. కాబట్టి పడసాల అన్న పేరును మళ్లీ తెచ్చుకుందామని నేను అనను. ఆ మాటకు ఆ జ్ఞాపకం అంటుకుని ఉంది. హాలుకు లేదు. మా తరం పల్లె విడిచి బెంగళూరులో రెండు గదుల ఇళ్లలోకి వచ్చినప్పుడు జగిలీ పంచా లేకుండా తలుపు నేరుగా హాల్లోకే తెరుచుకుంది, వచ్చినవాళ్లు ఎవరైనా హాల్లోకే వచ్చారు, మా అమ్మ కూడా హాల్లోనే కూర్చుంది. ఆ గీతలు అంతటితో మనసుల్లోంచి చెరిగిపోయాయని కాదు; పనిమనిషిని కింద కూర్చోబెట్టి తాము సోఫాలో కూర్చునే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. కానీ గీసి చూపించడానికి గోడ లేకపోవడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడా ప్లానులోని చెక్క పట్టీల అడ్డుతెరను చూడండి. బయటివాళ్లకు ఇవతలి గది, మనవాళ్లకు అవతలి గది. దానికి ఫార్మల్ లివింగ్ అని ఏ పేరు పెట్టినా అది మా అవ్వ ఇంటి పంచే. ఎవరిని అడ్డుతెర దాటి లోపలికి పిలవాలి, ఎవరిని ఇవతలే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపాలి అని ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు తేల్చుకోవలసి వస్తుంది. పిల్లలు అది చూసి నేర్చుకుంటారు, నేను పంచను చూసి నేర్చుకున్నట్టే. మా అమ్మాయికి అటువంటి ఆలోచన లేదని నాకు బాగా తెలుసు. ఇల్లు చిందరవందరగా ఉన్నప్పుడు ఎవరైనా వస్తే ఇబ్బంది కదా అని మాత్రమే అంది. కానీ గది ఒకసారి కట్టాక అది తన పని తాను చేసుకుపోతుంది, కట్టించినవాళ్ల ఉద్దేశాన్ని గుర్తుపెట్టుకోదు.

నేను పేరు గురించి ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం మా మామగారు పోయిన రోజు. అది 2014. బనశంకరిలో మాది మూడో అంతస్తు, హాలు పదకొండు అడుగుల వెడల్పు, పద్ధెనిమిది అడుగుల పొడవు. అప్పటికి రెండేళ్ల ముందే ఎంతో ముచ్చటపడి ఎల్ ఆకారపు సోఫా చేయించాం. చేసినవాళ్లు హాల్లోనే కూర్చుని బిగించారు, దాని వీపును గోడకున్న చెక్క ప్యానెల్‌కు మరలతో కలిపేశారు. ఆసుపత్రి నుంచి తెల్లవారుజామున ఆయనను తెచ్చారు. స్ట్రెచరు లిఫ్టులో పట్టలేదు, నలుగురు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ఫ్రీజర్ బాక్సు పెట్టడానికి ఆరున్నర అడుగుల జాగా కావాలి, దక్షిణానికి తల రావాలి, చుట్టూ మనిషి తిరగడానికి చోటు ఉండాలి. మా హాల్లో లేదు. సోఫా లేపితే తలుపులోంచి పోదు, విప్పాలంటే మరలు ప్యానెల్ వెనక ఉన్నాయి. మావారూ మరిదీ స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతుకుతుంటే, ఆ ఇంటికి పెద్దాయన బయట కారిడార్‌లో, షూ రాక్ పక్కన, తెల్ల దుప్పటి కప్పుకుని నలభై నిమిషాలు ఉండిపోయారు. కింది అంతస్తు పిల్లాడు బడికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి చూశాడు. అప్పుడే ఎదురింటావిడ తన తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, 'నమ్మ మనేలి ఇడి' అంది. మా ఇంట్లో పెట్టండి అని. వాళ్ల హాల్లో ఉన్నవి నాలుగు కుర్చీలు, ఒక దివాన్. ఆవిడా వాళ్లబ్బాయీ కలిసి ఐదు నిమిషాల్లో ఖాళీ చేశారు.

చివరకు మరలు ఊడాయి, సోఫా ముక్కలు వాళ్లింట్లోకీ, మామగారు మా ఇంట్లోకీ వెళ్లారు. తలదగ్గర దీపం పెట్టి, అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్ల జంపఖానా పరిచాం. సాయంత్రం దాకా హాలు నిండా మనుషులు. మా ఇంట్లో పదేళ్లుగా పని చేస్తున్నావిడ మా ఆడపడుచు పక్కనే, గోడకు ఆనుకుని, అదే జంపఖానా మీద కూర్చుని ఏడ్చింది. మా అవ్వ పడసాలలో ఆమెకు ఆ చోటు దొరికేది కాదు. సోఫా ఉన్న మా హాల్లో కూడా ఆ రోజు దాకా దొరకలేదు, ఎందుకంటే అంతకుముందు ఆ హాల్లో నేల ఎక్కడుందని? అవ్వ పడసాల లోపమూ మా హాలు లోపమూ ఆ రోజు నాకు ఒకేసారి అర్థమయ్యాయి. హాలుకు ఉండాల్సింది సామాను కాదు, ఖాళీ అయ్యే గుణం.

ఈ మాట భావోద్వేగంతో అంటున్నాననుకోకండి, కొలిచే చెబుతున్నాను. మా హాలు 198 చదరపు అడుగులు. ఆ సోఫా ఒక చేయి తొమ్మిది అడుగులు, రెండోది మూల కలుపుకుని ఆరు, లోతు మూడు. మొత్తం 36 చదరపు అడుగులు. ముందున్న అద్దాల బల్ల ఎనిమిది, టీవీ కింది చెక్కపని తొమ్మిది. మూడూ కలిపి 53, అంటే నేలలో పావు వంతుకు పైగా. వాటి మధ్య మిగిలేది నడవడానికి తప్ప మరి దేనికీ రాదు. ఇళ్ల అమ్మకాలను అదుపు చేసే 2016 నాటి రెరా చట్టం ప్రకారం మనకు ఫ్లాటు అమ్మేవాళ్లు కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలి. ఆ మాటలోనే ఉంది, జంపఖానా పరవగలిగినంత నేల. బెంగళూరులో ఒక్కో చదరపు అడుగుకు ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి కొనుక్కునేది ఆ నేలను. కొన్న వెంటనే దాన్ని కదలని చెక్కతో కప్పేయడానికి మళ్లీ డబ్బు ఇస్తున్నాం.

ఏడాదికి నాలుగు రోజుల కోసం మిగతా 361 రోజులూ ఇబ్బంది పడాలా అని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వాళ్లిద్దరూ పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుము పట్టేసి లేస్తారు, సాయంత్రం చాప మీద కూర్చోమని చెప్పేంత కఠినురాలిని కాను. నా మోకాళ్లు కూడా నేల మీదికి వంగడం మానేసి మూడేళ్లయింది. కానీ నాలుగు రోజులే అన్న లెక్క తప్పు. మా హాల్లో సోఫా తీసేసిన తరువాత ఒక్క ఏడాదిలో జరిగినవి చెబుతాను. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం. దసరాకు ఏడు మెట్ల బొమ్మల కొలువు పది రోజులు. అల్లుడి తరఫు వాళ్లతో పెళ్లిమాటలు, పద్నాలుగు మంది. హిందూపురం నుంచి ఆసుపత్రుల పనిమీద వచ్చినవాళ్లు ఐదు విడతలు, ప్రతిసారీ హాల్లో వరసగా పక్కలు. మా ప్రాంతం వాళ్లకు గుండెకైనా కంటికైనా పెద్ద వైద్యమంటే బెంగళూరే. రోగిని బెడ్‌రూమ్‌లో పడుకోబెడితే వెంట వచ్చిన ముగ్గురు ఎక్కడ పడుకోవాలి? హోటల్ గది తీసుకోమని చెప్పే చుట్టరికాలు కావు అవి. ఇవన్నీ పోను, మిగతా సాయంత్రాలు కింది ఇంటి పిల్లలు ఇద్దరు వచ్చి ఆ నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటారు, వాళ్లింట్లో అంత నేల లేదు.

కుర్చీలు వద్దని నేను అనడం లేదు. కుర్చీ ఎత్తితే లేస్తుంది. దివాన్‌ను ఇద్దరు కలిసి జరపగలరు. ఇద్దరు కూర్చునే సోఫా తలుపులోంచి అడ్డంగా తిప్పితే బయటికి పోతుంది. గోడకు మరలు వేసి బిగించినదే నాకు సమ్మతం కాదు, దానికంటే ముందు ఆ అడ్డుతెర. 'లివింగ్' అని రాసుకున్న చోట మనం కూర్చునే సాయంత్రాలను మాత్రమే ఊహించి గీస్తాం; గీసే కుర్రాడి తప్పు లేదు, అతనికి ఇచ్చిన మాటే అది. 'హాలు' అని రాసుకుంటే కనీసం ఇక్కడ ఇంకేమేం జరగవచ్చో అడగడానికి చోటుంటుంది. మా అమ్మాయి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

మొన్న ఆదివారం ఇదంతా చెప్పాను. అల్లుడు ఆనాడు మా మామగారి పెద్దకర్మకు వచ్చి వెళ్లినవాడే, అప్పటికి ఇంకా మాకు అల్లుడు కాడు, మా అమ్మాయి స్నేహితుడు. కారిడార్ సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిన్న కొత్త ప్లాను వచ్చింది. అడ్డుతెర పోయింది. పేరు మాత్రం 'లివింగ్' అనే ఉంది, ప్లాను గీసే కుర్రాడి కంప్యూటర్‌లో ఆ మాటే వస్తుందట, నేను మళ్లీ పెన్సిలుతో మార్చుకున్నాను. ఎల్ సోఫా ఉంది, కానీ రెండు విడి ముక్కలుగా, గోడకు బిగింపు లేకుండా. వచ్చే వారం టేపు తీసుకుని సర్జాపుర రోడ్డుకు వెళ్తున్నాను. తలుపు వెడల్పు మూడున్నర అడుగులని కాగితం మీద ఉంది, చౌకట్టు పోను ఎంత మిగులుతుందో నేనే కొలిచి చూడాలి.